కళ్ల కసరత్తు 3వ పాఠం: ఒక దారం, మూడు పూసలు

పోయిన పాఠంలో టేపు పట్టుకుని కొలవమన్నా కదా, ముందు ఆ లెక్క తేల్చేద్దాం. అద్దాలు తీసేసి, ఒక కన్ను మూసుకుని, పుస్తకాన్ని మెల్లగా దూరం జరుపుతూ అక్షరం అంచు మొదటిసారి చెదిరిన చోట ఆపి, అక్కణ్ణుంచి కంటిదాకా ఎన్ని సెంటీమీటర్లో రాసుకున్నారు. ఇప్పుడు 100ని ఆ నంబరుతో భాగించండి. 50 వచ్చినవాళ్లకి మైనస్ పవర్ సుమారు 2, 25 వచ్చినవాళ్లకి 4, మీటరు దాకా క్లియర్‌గా ఉంటే 1. సిలిండర్ (ఒక్కో దిక్కుకి ఒక్కో పవర్) ఉన్నవాళ్లకి నిలువు గీత ఒకచోట, అడ్డ గీత ఇంకోచోట చెదురుతుంది కాబట్టి లెక్క కాస్త అటూ ఇటూ అవుతుంది, ప్లస్ పవర్ వాళ్లకీ ఉత్త చత్వారం వాళ్లకీ ఈ కొలత అసలు వర్తించదు.

ఇంత తతంగం ఎందుకు పెట్టానంటే నేను ఒకసారి మోసపోయా, అదీ నా చేతుల్లోనే. మొదట్లో అద్దాలు పక్కన పడేసి, అరచేతులతో కళ్లు మూసుకుని కూర్చోవడం, నిలబడి ఒళ్లు అటూ ఇటూ ఊపడం, ఇవన్నీ రోజూ గంటసేపు మూడు నెలలు చేశా, గోడకి అంటించిన చార్ట్‌లో ఏకంగా రెండు లైన్లు కిందికి దిగా, ఇక అద్దాల పీడ వదిలిందని సంబరపడుతూ చెకప్‌కి వెళ్తే మెషిన్ పాత నంబరే చూపించింది, పావు కూడా తగ్గలేదు. మరి ఆ రెండు లైన్లు ఎక్కడివి? కొంత బట్టీ, ఇప్పటికీ ఆ ఐదో లైను నిద్రలో లేపి అడిగినా చెప్తా. కొంత కళ్లు చికిలించడం. నమ్మకపోతే ఒక అట్టముక్కకి గుండుసూదితో బెజ్జం పెట్టి, అద్దాలు లేకుండా ఆ బెజ్జంలోంచి దూరంగా ఉన్న బోర్డు చూడండి, మసకగా ఉన్న అక్షరాలు ఠక్కున విడిపోతాయి, చికిలించినప్పుడు రెప్పలు చేసేదీ అదే పని. మూడోది మెదడు. మైనస్ పవర్ ఉన్న మనిషి రెండు మూడు గంటలు అద్దాలు తీసేసి తిరిగితే చాలు, మెదడు ఆ మసకకి అలవాటుపడి చార్ట్ కాస్త మెరుగ్గా చదివేస్తుంది, కంట్లో మాత్రం ఏమీ మారదు. అందుకే చార్ట్‌ని నమ్మకండి, టేపుని నమ్మండి.

ఈ అరచేతులు, ఊగడాలు అన్నీ న్యూయార్క్ కంటి డాక్టర్ విలియం బేట్స్ దగ్గర్నుంచి వచ్చినవి, 1920లో పుస్తకం వేశాడు. కనుగుడ్డు చుట్టూ ఉన్న ఆరు కండరాలు గుడ్డుని నొక్కి పొడవు మార్చడం వల్లే ఫోకస్ అవుతుందని, కాబట్టి అవి వదులైతే సైటు పోతుందని ఆయన వాదన. చూడ్డానికి బాగానే ఉంటుంది, కానీ దగ్గరికీ దూరానికీ ఫోకస్ మార్చేది లోపలి లెన్స్ అని జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1850లలోనే తేల్చేశాడు. ఆరు కండరాల పని గుడ్డుని తిప్పడం. పెద్దవాళ్ల కనుగుడ్డు పొడవు సుమారు 24 మిల్లీమీటర్లు, అది ఒక్క మిల్లీమీటరు ఎక్కువ పెరిగితే రెండున్నర మూడు దాకా మైనస్ పవర్ వచ్చేస్తుంది, పెరిగిన గుడ్డుని ఏ కసరత్తూ వెనక్కి లాగలేదు. చైనా స్కూళ్లలో 1963 నుంచి పిల్లలతో కళ్ల చుట్టూ మసాజ్ లాంటివి రోజూ చేయిస్తూనే ఉన్నారు, అయినా అక్కడ అద్దాల పిల్లలకి కొదవేం లేదు. పిల్లల విషయంలో పనిచేస్తుందని గట్టిగా తేలింది రోజుకి రెండు గంటలు ఆరుబయట ఆడుకోవడం, అదీ సైటు రాకముందు ఎక్కువ. ఇంకోమాట, బేట్స్ చెప్పినవాటిలో సూర్యుణ్ణి చూసే భాగం ఒకటుంది, దాని జోలికి అస్సలు పోవద్దు, రెటీనా, అంటే కంటి వెనక బొమ్మ పడే పొర, కాలిపోతుంటే నొప్పి కూడా తెలీదు.

మరి మనం కసరత్తు చేయడం దేనికి అంటారా? పవర్ కోసం కాదు, జత కోసం. దగ్గర వస్తువుని చూసేటప్పుడు రెండు కళ్లూ ముక్కువైపు సమంగా తిరిగి ఒకేచోట కలవాలి, కొందరికి ఆ కలయిక బలహీనంగా ఉంటుంది. పది నిమిషాలు చదివేసరికి కళ్లు లాగడం, లైన్లు ఒకదాని మీదికి ఒకటి ఎక్కడం, ఒక కన్ను మూసుకుంటే హాయిగా ఉండడం, ఇవీ దాని లక్షణాలు. ఇక్కడ కసరత్తు నిజంగా పనిచేస్తుంది. 2008లో అమెరికాలో 221 మంది పిల్లల మీద 12 వారాల స్టడీ ఒకటి వచ్చింది, క్లినిక్‌లో థెరపిస్ట్ దగ్గర చేసినవాళ్లలో నూటికి 73 మంది బాగుపడ్డారు, ఇంట్లో పెన్సిల్ ముక్కు దగ్గరికి తెచ్చుకునే కసరత్తు ఒక్కటే చేసినవాళ్లలో 43 మంది. అంటే ఇంట్లో సొంతంగా చేసేదానికి ఒక హద్దుందని తెలిసే మొదలుపెడదాం.

ఒకటిన్నర మీటరు తెల్ల దారం, కాస్త మందంగా ఉండేది, మూడు వేరే వేరే రంగుల పూసలు తీసుకోండి. పూసలు దారం మీద బిగుతుగా జరగాలి, జారిపోతుంటే పూస లోపల దారాన్ని రెండు పేటలు చేయండి. ఒక కొస తలుపు గడియకి కట్టి, రెండో కొస ముక్కు కొనకి ఆనించి దారం బిగుతుగా పట్టుకోండి. మొదటి పూస ముక్కు నుంచి 30 సెంటీమీటర్లు, రెండోది 60, మూడోది 120. మీ మామూలు అద్దాలు పెట్టుకునే చేయాలి, ఇది మర్చిపోకండి.

మధ్య పూసని చూడండి. పూస ఒక్కటే కనపడాలి, కానీ దారం రెండుగా విడిపోయి సరిగ్గా పూస దగ్గర ఇంటూ మార్కులా దాటుకోవాలి, ముందు పూస వెనక పూస రెండేసిగా కనపడాలి. మొదటిసారి చూసినప్పుడు కళ్లు పాడైపోయాయేమో అని భయమేస్తుంది, కంగారు పడకండి, అలా రెండుగా కనపడ్డమే రెండు కళ్లూ పనిలో ఉన్నాయనడానికి గుర్తు. కుడి కన్ను మూస్తే ఒక దారం పోతుంది, ఎడమది మూస్తే రెండోది. ఇప్పుడు దగ్గర పూసకి రండి, ఇంటూ మార్కు కూడా అక్కడికి జరిగి రావాలి. చివరి పూసకి వెళ్తే ముక్కు దగ్గర మొదలైన రెండు దారాలూ దూరంగా గుడారం కొసలా కలుస్తాయి.

ఇంటూ మార్కు పూసకంటే మీవైపు పడుతోందంటే కళ్లు అవసరానికి మించి లోపలికి తిరుగుతున్నట్టు, పూస దాటి అవతల పడుతోందంటే ఇంకా చాలినంత తిరగలేదన్నట్టు. అప్పుడు పూసని వేలితో పట్టుకుని చూడండి, వేలు తగలగానే చూపు చాలామందికి అక్కడికే వచ్చి కూర్చుంటుంది. ఒక దారం మొత్తానికే మాయమైతే మెదడు ఆ కంటిని పక్కన పెడుతోందని అర్థం, రెండుసార్లు రెప్పలు కొట్టి, దారాన్ని తంబూరా తీగలా వేలితో మీటండి, ఆ కదలికకి ఒక్కోసారి తిరిగొస్తుంది. ఎంత మీటినా రాకపోతే ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

ఒక్కో పూస మీద ఐదు అంకెలు లెక్కపెట్టి తర్వాతదానికి దూకండి, దగ్గర, మధ్య, దూరం, మళ్లీ వెనక్కి, ఇలా రెండు నిమిషాలు. తర్వాత పూసలు వదిలేసి, దారం మీద చీమ ఒకటి చివర్నుంచి మీ ముక్కు వైపు నడిచొస్తోందనుకుని దాంతోపాటు ఇంటూ మార్కుని నెమ్మదిగా లాక్కురండి, ఇది నాకు వారం పట్టింది, మధ్యలో చీమ పారిపోయేది. మొత్తం ఐదు నిమిషాలు, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి. నుదురు కాస్త లాగినట్టుంటే పర్లేదు, నొప్పి వస్తే ఆ పూటకి చాలించండి.

చిన్నప్పట్నుంచి మెల్లకన్ను ఉన్నవాళ్లు, ఒక కంటికి చూపు బాగా మందంగా ఉన్నవాళ్లు దీన్ని సొంతంగా ముట్టుకోవద్దు, మెదడు ఎన్నో ఏళ్లుగా ఆపి ఉంచిన కంటిని అజమాయిషీ లేకుండా లేపితే రోజంతా అన్నీ రెండుగా కనపడే ప్రమాదముంది, అది మళ్లీ సర్దుకోవడం చాలా కష్టం. ఈమధ్యే కొత్తగా రెండుగా కనపడ్డం మొదలైనవాళ్లకీ ఇది కసరత్తు పని కాదు. మెరుపులు కనపడ్డం, ఒక్కసారిగా నల్లచుక్కలు గుంపుగా రావడం, ఒక పక్కనుంచి తెర జారినట్టు ఉండడం, వీటికి మాత్రం అదే రోజు పరుగెత్తాలి, మైనస్ 6 దాటినవాళ్లు మరీనూ.

ఈ వారం నోట్‌బుక్‌లో ఒక్క నంబర్ రాయండి చాలు. దగ్గర పూసని ముక్కు వైపు మెల్లగా జరుపుతూ అది రెండుగా విడిపోయిన చోట ఆపి స్కేలుతో కొలవండి, రోజూ ఒకే టైముకి, మూడుసార్లు కొలిచి మధ్య నంబర్ రాయండి. 6, 7 సెంటీమీటర్ల దాకా ఒక్కటిగా ఉంటే మీ జత బాగానే ఉంది, మీ కళ్లు లాగడానికి కారణం వేరే, రెప్పలు కొట్టకుండా స్క్రీన్ చూడ్డం గురించి 4వ పాఠంలో చెప్తా అది మీకోసమే. 10 సెంటీమీటర్లకంటే దూరంలోనే విడిపోతుంటే ఈ దారం మీకు పనికొస్తుంది, అయినా ఒకసారి పరీక్ష చేయించుకుని మొదలుపెట్టండి. దారం మాత్రం పిల్లలకి అందకుండా పెట్టండి, మా ఇంట్లో మొదటి దారం పూసలు మూడు రోజుల్లో బొమ్మ మెడలో తేలాయి.