బడికి హౌస్‌కీపింగ్ ఏజెన్సీ: కొటేషన్ కంటే ముందు వేసుకోవాల్సిన లెక్క

చాలా ప్రైవేటు బళ్లలో ఈ వ్యవహారం ఏప్రిల్ ఆఖర్లో మొదలవుతుంది. మూడు ఏజెన్సీలను పిలుస్తారు, తలకి ఎంత అని అడుగుతారు, తక్కువ చెప్పినవాళ్లకి పని అప్పజెబుతారు. జూన్‌లో బడి తెరిచాక నెల తిరక్కుండానే మనుషులు సగం మంది రారు, వచ్చినవాళ్లు మారిపోతుంటారు, బాత్‌రూముల్లో వాసన పోదు. తప్పంతా ఏజెన్సీదే అనలేం. మన బడిలో ఎంత పని ఉందో మనకే తెలియకుండా ధర అడిగితే, వాళ్లకి తోచిన ధర చెబుతారు.

ముందు నిమిషాలు లెక్కేయండి

ఒక సాయంత్రం ఇప్పుడున్న ఆయాతో ఒక క్లాసురూము శుభ్రం చేయించి, గడియారం చూడండి. 500 చదరపు అడుగుల గదిలో బెంచీలు జరిపి ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, చెత్తబుట్ట ఖాళీ చేసేసరికి సుమారు 15 నిమిషాలు పడుతుంది. గదులు 24 అయితే 360 నిమిషాలు. పిల్లల బస్సులు నాలుగింటికి కదిలి, ఆరింటికి గేటు వేస్తారనుకుంటే చేతిలో ఉన్నది 120 నిమిషాలే. అంటే క్లాసురూములకే ముగ్గురు కావాలి. ఇద్దరితో సరిపెడతామని ఎవరైనా అంటే, మూడో వంతు గదులు ఊడవరని ముందే చెబుతున్నట్టు.

బాత్‌రూముల లెక్క వేరు. అక్కడ మొత్తం నిమిషాల కంటే వేళ ముఖ్యం. ఇంటర్వెల్ అయిన వెంటనే, భోజనాల తర్వాత, మగపిల్లల వైపూ ఆడపిల్లల వైపూ ఒకేసారి చూడాలి. కాబట్టి కనీసం ఇద్దరు, ఆడపిల్లల వైపు తప్పనిసరిగా ఆడమనిషి. వరండాలు, మెట్లు, భోజనాల హాలుకి ఇంకొకరు. ఎల్‌కేజీ, యూకేజీ దగ్గరుండే ఆయాని ఈ లెక్కలో కలపకండి. ఆమెను మధ్యలో మెట్లు తుడవమని పంపితే పిల్లల్ని చూసేవాళ్లుండరు.

మొత్తం ఆరుగురు. అందరికీ ఒకే షిఫ్టు పెట్టకండి. బాత్‌రూములు, వరండాల వాళ్లు పొద్దున ఏడున్నర నుంచి మూడున్నర వరకు, క్లాసురూముల ముగ్గురు పది నుంచి ఆరు వరకు. అందరూ ఎనిమిదింటికి వచ్చి నాలుగింటికి వెళ్లిపోతే అసలు పని ఉండే రెండు గంటల్లో చేసేవాళ్లుండరు.

కొటేషన్‌ని విడగొట్టి అడగండి

తలకి ఇంత అని ఒకే అంకె ఇస్తే తీసుకోవద్దు. కోతలకు ముందు మనిషి నెల జీతంతో మొదలుపెట్టి ఒక్కో పద్దూ విడిగా రాయించండి. ఉదాహరణకు జీతం 13,000 అనుకుందాం. యజమాని వాటా పీఎఫ్ అన్ని ఛార్జీలతో 13 శాతం, అంటే 1,690. ఈఎస్ఐ 3.25 శాతం, 423. బోనస్ 8.33 శాతం, 1,083. ఇక్కడికి 16,196. దానిమీద సర్వీస్ ఛార్జి 8 శాతం వేస్తే మరో 1,296. మొత్తం 17,492. యూనిఫాం, సెలవు జీతం కలిపితే ఇంకాస్త పెరుగుతుంది.

ఇప్పుడు ఎవరో 14,500కి వస్తామన్నారనుకోండి. 13,000 జీతమిచ్చి పీఎఫ్ కట్టడానికే 14,690 కావాలి. అంటే పీఎఫ్ అయినా కట్టరు, జీతమైనా కోస్తారు. సర్వీస్ ఛార్జి ఒక్క శాతమో సున్నానో వేసేవాళ్లదీ ఇదే దారి, ఏజెన్సీ ఎవరూ ధర్మానికి నడపరు. ఈ కోత చివరికి మీ మెడకే చుట్టుకుంటుంది. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు యజమానిగా బడే చెల్లించాలని చట్టం చెబుతోంది.

జీతం మీ రాష్ట్రంలో, మీ జోన్‌లో కనీస వేతనం కంటే తగ్గకూడదు. ధరలతో పాటు మారే కరువు భత్యం, అంటే వీడీఏ, ఏప్రిల్‌లో, అక్టోబరులో మారుతుంది. ఏడాదంతా రేటు కదలదని ఒప్పందంలో రాసుకుంటే అక్టోబరు నుంచి ఆ తేడా పనివాళ్ల జీతంలోంచే పోతుంది. పెరిగిన వీడీఏ మేర రేటు పెంచుతామని రాయడమే మేలు.

పీఎఫ్ కట్టినట్టు చలానా చూపిస్తే చాలదు. వందమందికి కట్టిన చలానాలో మీ ఆరుగురూ ఉన్నారో లేదో దాన్నిబట్టి తెలియదు. పేర్లు, యూఏఎన్ (పీఎఫ్ ఖాతా) నంబర్లు ఉన్న ఈసీఆర్, అంటే పీఎఫ్ నెలవారీ రిటర్ను, అడగండి. అనుమానముంటే పనిచేసేవాళ్లలో ఇద్దర్ని ప్రభుత్వ ఉమాంగ్ యాప్‌లో పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి చూసుకోమనండి.

జీఎస్టీ దగ్గర చాలా బళ్లు నష్టపోతున్నాయి

హౌస్‌కీపింగ్ సేవపై మామూలుగా 18 శాతం జీఎస్టీ పడుతుంది. కానీ ప్రీస్కూలు నుంచి హయ్యర్ సెకండరీ వరకు చదువు చెప్పే సంస్థల్లో చేసే క్లీనింగ్, హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ సేవలకి మినహాయింపు ఉంది. 2017 జూన్ 28 నాటి 12/2017 కేంద్ర పన్ను (రేటు) నోటిఫికేషన్‌లో 66వ పద్దు అదే. పై లెక్కలో ఈ పన్ను తలకి 3,149 రూపాయలు, ఆరుగురికి నెలకి దాదాపు 19 వేలు. కట్టిన పన్నుని తిరిగి సర్దుకునే ఇన్‌పుట్ క్రెడిట్ కూడా బడికి రాదు కాబట్టి కడితే అది పోయినట్టే. ఈ మినహాయింపు గురించి తెలియని ఏజెన్సీలు చాలానే ఉన్నాయి, తెలిసీ మాట్లాడనివాళ్లూ ఉన్నారు. పద్దు నంబరు చెప్పి బిల్లు అలాగే ఇమ్మనండి. డిగ్రీ కాలేజీకి, బడిని నడిపే సొసైటీ హెడ్డాఫీసులో జరిగే పనికి ఇది వర్తించదు. ఒకే ఆవరణలో రెండూ ఉంటే బిల్లులు ఎలా విడగొట్టాలో మీ ఆడిటర్ని అడగండి.

గేటు దాటేది ఎవరు

ప్రతి మనిషికీ ఆధార్, ఫొటో, ఇప్పటి అడ్రసు, పోలీస్ వెరిఫికేషన్ ఉండాలన్నది అందరూ రాసుకునేదే. అది చెడిపోయేది బదిలీ మనిషి దగ్గర. రెగ్యులర్ ఆమెకి జ్వరం వస్తుంది, సూపర్‌వైజర్ అప్పటికప్పుడు ఎవరినో పంపిస్తాడు, వాచ్‌మన్ లోపలికి వదిలేస్తాడు. అందుకే ఆరుగురి పనికి కనీసం ఎనిమిది మంది వివరాలు ముందే తీసుకుని, ఫొటోల జాబితా గేటు దగ్గర అంటించండి. జాబితాలో లేనివాళ్లు ఎవరు పంపినా లోపలికి రాకూడదు. ఆ రోజుకి ఒక మనిషి తగ్గినా సరే. పిల్లలపై లైంగిక నేరాలను అడ్డుకునే పోక్సో చట్టం గురించి, పిల్లలతో ఎలా మసలుకోవాలో, ఏదైనా కనిపిస్తే ఎవరికి చెప్పాలో మొదటి రోజే తెలుగులో వివరించండి, హిందీవాళ్లుంటే హిందీలో.

సెప్టిక్ ట్యాంకు పని ఈ ఒప్పందంలో చేర్చకండి. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని ట్యాంకులోకి దింపడం 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం ప్రకారం నేరం. మెషీన్ ఉన్న ట్యాంకర్‌ని విడిగా పిలిపించుకోవాలి.

యాసిడ్ సీసా

ఏజెన్సీ ఎలాంటిదో తేల్చుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు: బోరునీళ్ల మరకలు దేంతో తీస్తారు? యాసిడ్ అంటే ఆగి ఆలోచించండి. తాండూరు బండలు, బేతంచెర్ల బండలు, కడప రాయి, అన్నీ సున్నపురాయే. యాసిడ్ పడ్డ చోట తెల్లగా నురగ పొంగుతుంది. కడిగేశాక శుభ్రంగానే కనిపిస్తుంది గానీ రాయి పైపొర పోయి గరుకెక్కుతుంది. ఆ గరుకులో మట్టి దిగి, నెల తర్వాత మునుపటికంటే మురికిగా ఉంటుంది. అప్పుడు ఇంకా ఎక్కువ యాసిడ్ పోస్తారు. కుళాయిల మీది తెల్లపొరకి నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు, పాత టూత్‌బ్రష్ సరిపోతాయి. అది కూడా బండమీద పడకుండా చూసుకోవాలి.

యాసిడ్, బ్లీచింగ్ రెండూ ఒకే గదిలో పక్కపక్కన పెట్టే ఏజెన్సీ వద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, కిటికీలేని బాత్‌రూములో అది ప్రాణం మీదికి తెస్తుంది.

మెటీరియల్ మీరే కొనండి, ఏజెన్సీ నుంచి మనుషుల్ని మాత్రం తీసుకోండి. మెటీరియల్ కలిపి ఒకే ధర మాట్లాడుకుంటే, నెలాఖరుకి డబ్బాలో ఫినాయిల్ కంటే నీళ్లే ఎక్కువ ఉంటాయి. 5 శాతం హైపోక్లోరైట్ (బ్లీచింగ్ ద్రవం) అయితే బాత్‌రూము నేలకి 10 లీటర్ల బకెట్‌లో లీటరు, బల్లలకీ తలుపు పిడులకీ 200 మిల్లీలీటర్లు. పోశాక పది నిమిషాలు ఆగి తుడవాలి. ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి. ఈ కొలతలు బకెట్ మీదే పెయింటుతో రాయించండి. మాప్‌లకి రంగులు పెట్టండి: బాత్‌రూములకి ఎరుపు, క్లాసులకి నీలం, భోజనాల హాలుకి ఆకుపచ్చ.

ట్రయల్ వారం

ఒప్పందానికి ముందు వారం రోజులు పని చేయించండి. పొద్దున ఎనిమిదింటికి వెళ్లి చూస్తే అందరి పనీ బాగుంటుంది. ఇంటర్వెల్ అయిన పావుగంటకి వెళ్లండి. నేల పొడిగా ఉందా, వైపర్ వేశారా, ఆడపిల్లల బాత్‌రూములో మూతున్న బుట్ట ఖాళీ అయిందా చూడండి. ఫినాయిల్ ఘాటుగా కొట్టిందంటే సంతోషించకండి, యూరినల్ గొట్టం మొదట్లో, కింది టైల్స్ సందుల్లో బ్రష్ పడలేదని అర్థం. సంక్రాంతి సెలవులయ్యాక వచ్చే డ్రైనేజీ కంపు వేరు. నేల జాలీ కింద ట్రాప్‌లో నీళ్లు ఎండిపోయి ఆ వాసన పైకొస్తుంది, ప్రతి జాలీలో చెంబుడు నీళ్లు పోస్తే పోతుంది. ఈ సంగతి సూపర్‌వైజర్ తనంతట తాను చెబితే అతనికి పని తెలిసినట్టే.

ఒప్పందంలో

గత నెల ఈసీఆర్, ఈఎస్ఐ చలానా, బ్యాంకులో జీతాలు పడ్డ వివరం జతచేస్తేనే ఈ నెల బిల్లు పాస్ చేయండి. జీతాలు ఏడో తేదీలోపు పడాలి. మనిషి రాని రోజుకి బిల్లులో ఒకటిన్నర రోజు కోత పెట్టండి, కానీ ఆ అదనపు సగం పనివాళ్ల జీతంలోంచి తీయకూడదని కూడా రాయండి. వేసవిలో ఎంతమంది ఉంటారు, మిగతావాళ్లని ఏజెన్సీ ఎక్కడ సర్దుతుంది అన్నది ఇప్పుడే తేల్చుకోకపోతే జూన్‌లో అందరూ కొత్తవాళ్లే వస్తారు, వెరిఫికేషన్ మళ్లీ మొదటికొస్తుంది. ఫ్యాన్లు, కిటికీలు, నీళ్ల ట్యాంకులు దసరా, సంక్రాంతి సెలవుల్లో చేయాలని తేదీలతో సహా రాయించండి. రెండువైపులా 30 రోజుల నోటీసు పెట్టుకోండి, పరీక్షల నెలలో మాత్రం వాళ్లు మానుకునే వీలు లేకుండా చూసుకోండి.