కీమో భయం: ఏది ఓర్చుకోదగినది, ఏది ఆ రాత్రే చెప్పవలసినది

రొమ్ము క్యాన్సర్‌కు కీమోథెరపీ మొదలు కానున్నదని తెలిసిన రోజు నుంచి చాలామందిని జబ్బు కన్నా మందే ఎక్కువగా భయపెడుతుంది. "ధైర్యంగా ఉండు" అన్న మాటతో ఆ భయం పోదు. అది ఒక్క భయం కాదు, నాలుగైదు కలిసిన ముద్ద కనుక, విడదీసి ఒక్కొక్కదాని కారణం చూసుకోవాలి. ఇక్కడ దృష్టిలో పెట్టుకున్నది తరచుగా ఇచ్చే ఒక వరుస: ముందు డాక్సోరూబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ అనే మందులు కలిపి రెండు లేక మూడు వారాలకొకసారి 4 సార్లు (ఇలా మందు ఎక్కించే ఒక్కో విడతను సైకిల్ అంటారు), ఆ తరువాత పాక్లిటాక్సెల్, చాలామందికి వారానికొకటి చొప్పున 12 డోసులు.

సమస్య: మొదటి సైకిల్‌కు ముందే నిద్ర పట్టడం లేదు, విన్న కథలే చెవిలో మోగుతున్నాయి

కారణం: ఆ కథల్లో చాలావరకు వేరే క్యాన్సర్‌వి, వేరే మందులవి, లేదా 1990లలో ఆన్‌డాన్‌సెట్రాన్ వంటి వాంతుల మందులు వాడుకలోకి రాకముందువి.

పరిష్కారం: మీకు ఎక్కించబోయే మందుల పేర్లు, వాంతులు రాకుండా ఏ మాత్ర ఏ పూట వేసుకోవాలో, రాత్రివేళ ఏ నంబరుకు ఫోన్ చేయాలో ఒక కాగితం మీద రాయించుకోండి. వాంతుల మాత్రలు వికారం మొదలయ్యాక వేసుకునేవి కావు, చెప్పిన వేళకు ముందుగానే వేసుకోవలసినవి. డాక్సోరూబిసిన్ ఎర్రటి మందు కాబట్టి ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా రావచ్చు. అది ఆ మందు రంగు.

సమస్య: ఆసుపత్రి వాసన తగిలినా, సెలైన్ స్టాండు కనబడినా కడుపులో తిప్పుతోంది

కారణం: వెనకటి సైకిల్‌లో పడిన బాధను మెదడు ఆ వాసనతో, ఆ చోటుతో ముడివేసి దాచుకుంటుంది. దీన్ని మనోదౌర్బల్యమని కొట్టిపారేసే బంధువుల మాట పట్టించుకోనక్కరలేదు.

పరిష్కారం: మొదటి సైకిల్‌లోనే వాంతులను గట్టిగా అదుపు చేయించుకోవడం అన్నిటికన్నా మేలు. అప్పటికే మొదలైతే డాక్టరుకు చెప్పండి. ముందు రోజు రాత్రి వేసుకునే మాత్ర రాయవచ్చు, నిదానంగా శ్వాస తీసుకునే సాధన కూడా నేర్పవచ్చు. ఇంకొక చిన్న జాగ్రత్త: మందు ఎక్కించే రోజున మీకు ప్రాణమైన గోంగూర పచ్చడో పులిహోరో తినకండి, ఆ బాధ దానికి అంటుకుంటే తరువాత నెలల తరబడి అది నోటికి సహించకపోవచ్చు.

సమస్య: జ్వరం వచ్చింది, కాని చెబితే తరువాతి సైకిల్ ఆపేస్తారేమోనని భయం

ఈ మొత్తంలో నిజంగా ప్రమాదకరమైన భయం ఇదే. మందు ఎక్కించిన తరువాత సుమారు 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లరక్తకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు సోకిన ఇన్ఫెక్షన్‌కు జ్వరం ఒక్కటే గుర్తు కావచ్చు, అది కొన్ని గంటల్లోనే ప్రాణం మీదికి తేవచ్చు. కాబట్టి ఇంట్లో థర్మామీటరు ఉండాలి. 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ చూపినా, వణుకు పుట్టినా అర్ధరాత్రయినా ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్ళాలి. వెళ్ళగానే మొదటి మాటగా "కీమో తీసుకుంటున్నాను" అని చెప్పాలి. డాక్టరుతో మాట్లాడకుండా పారాసిటమాల్ వేసుకుని తెల్లారనివ్వడం జ్వరాన్ని దాచుతుంది గాని ఇన్ఫెక్షన్‌ను తగ్గించదు. బొప్పాయి ఆకు రసం ఈ తెల్లకణాలను నిలబెట్టే మందు కాదు. కౌంట్, అంటే ఆ కణాల సంఖ్య, పెరగడానికి ఇచ్చే ఇంజెక్షన్ తరువాత నడుములో, తొడల్లో వచ్చే నొప్పి మాత్రం సాధారణంగా ఎముక మజ్జ పని చేస్తున్నందువల్ల వచ్చేదే. ఇక పరామర్శకు వచ్చేవారిలో దగ్గు, జలుబు ఉన్నవారిని గడప దగ్గరే ఆపడం అమర్యాద కాదు.

సమస్య: జుట్టు పోతుందన్న దిగులు

మొదటి డోసు తరువాత రెండు మూడు వారాల్లో ఊడుతుంది, చికిత్స ముగిసిన కొన్ని వారాలకు మళ్ళీ మొలవసాగుతుంది. చాలామంది అసలు భయం జుట్టు గురించి కాదు, జబ్బు సంగతి నలుగురికీ తెలుస్తుందని. ముందే పొట్టిగా కత్తిరించుకుని, స్కార్ఫో విగ్గో ఎంచుకుని పెట్టుకుంటే ఊడే రోజు మీ చేతిలో ఉంటుంది. మన ప్రాంతంలో గుండు చూసి "తిరుమల వెళ్ళొచ్చారా?" అనేవారే ఎక్కువ, అవునో కాదో చెప్పడం మీ ఇష్టం.

సమస్య: వేళ్ళలో తిమ్మిరి, కాని చెప్పడానికి సంకోచం

కారణం: పాక్లిటాక్సెల్ నరాల చివరలను దెబ్బతీస్తుంది.

పరిష్కారం: జాకెట్టు హుక్కులు పెట్టుకోవడం కష్టమైతే, చెప్పు జారిపోయినా తెలియకపోతే ఆ వారమే చెప్పండి. డోసు తగ్గించడం, కొంత వ్యవధి ఇవ్వడం డాక్టర్లు మామూలుగా చేసేవే. మౌనంగా ఓర్చుకుంటే ఆ తిమ్మిరి శాశ్వతంగా మిగిలిపోవచ్చు. అలాగే మందు ఎక్కుతుండగా సూది చోట మంటగాని వాపుగాని ఉంటే బాటిల్ అయ్యేదాకా ఆగక, ఆ క్షణమే నర్సును పిలవండి.

సమస్య: ఇవన్నీ తెలిసినా భయం తగ్గడం లేదు, సైకిల్ మానేయాలనిపిస్తోంది

మానేసే ముందు ఆ మాటనే డాక్టరుతో అనండి, మందు మార్చే వీలు ఉందేమో ఆయన చూస్తారు. రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి, మనుషులతో మాట్లాడాలన్న ఆసక్తి తిరిగి రాకపోతే మానసిక వైద్యుల దగ్గరికి పంపమని మీరే అడగండి. అంతవరకు ఆగలేని రాత్రి వస్తే కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళయినా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.