ఏప్రిల్ రాకముందే ఇంటి పన్ను కాగితం ఒకసారి చదవండి

మార్చి నెలాఖరు వచ్చిందంటే మున్సిపాలిటీ ఆటోలు మైకు పెట్టుకుని వీధులు తిరుగుతాయి, బకాయిలు కట్టమని. ఆ మైకు వినగానే మనం చేసే పని ఒకటే. ఫోన్ తీసి, నంబరు కొట్టి, ఎంత చూపిస్తే అంత కట్టేసి ఊపిరి పీల్చుకుంటాం. నేనూ చాలా ఏళ్లు అంతే. కట్టడానికి రెండు నిమిషాలు చాలు. అసలు ఎంత వేశారు, దేనికి వేశారు, ఎవరి పేరు మీద వేశారు అని చదవడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. నా డబ్బు పోయిందంటే ఆ ఇరవై నిమిషాలు ఎగ్గొట్టినందుకే పోయింది.

నాకు రెండు చోట్ల పన్ను ఉంది. హైదరాబాద్‌లో ఒక ఫ్లాట్, గుంటూరు జిల్లాలో అమ్మ ఉండే పాత డాబా ఇల్లు. రెండు చోట్లా పేరు ఆస్తి పన్నే, లెక్క మాత్రం వేరు.

ముందు అమ్మ ఇంటి సంగతి. కింద వీధి వైపు గది ఒకప్పుడు టైలరుకి అద్దెకిచ్చాం. అతను ఖాళీ చేసి వెళ్లి నాలుగేళ్లయింది. ఆ గదిలో ఇప్పుడు బియ్యం బస్తా, పాత మంచం, నాన్న సైకిలు ఉన్నాయి. మొన్నామధ్య పన్నుకి వచ్చినాయన గుమ్మంలో నిలబడి మిషన్ చూసుకుంటూ అడిగాడు: "అమ్మగారూ, ఇందులో కొంత షాపు రేటు పడుతోంది. షాపు ఉందా ఇంకా?" అమ్మ, "షాపెక్కడిది బాబూ, ఎప్పుడో తీసేశారుగా" అంది. "మరి రాసివ్వలేదా?" "ఎవరికి రాసివ్వాలో మాకేం తెలుసు?" అదీ సంగతి. నాలుగేళ్లూ బియ్యం బస్తాకి మేం షాపు పన్ను కట్టాం. తప్పు ఎవరిదీ కాదు, మాదే. షాపు తీసేశామని చెప్పకపోతే ఆఫీసుకి ఎలా తెలుస్తుంది?

ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో ఈ తేడా చిన్నదేం కాదు. 2021 ఏప్రిల్ నుంచి అక్కడ పాత అద్దె విలువ పద్ధతి పోయి, ఆస్తి మూలధన విలువ మీద పన్ను వేస్తున్నారు. అంటే రిజిస్ట్రేషన్ శాఖ లెక్కల ప్రకారం స్థలం విలువ, కట్టడం విలువ కలిపి, అందులో ఇంత శాతం అన్నమాట. నివాసానికైతే 0.10 నుంచి 0.50 శాతం లోపు, వ్యాపారానికైతే 0.20 నుంచి 2 శాతం లోపు. ఏ ఊళ్లో ఎంత అన్నది ఆ మున్సిపాలిటీయే నిర్ణయిస్తుంది. ఉదాహరణకి 20 లక్షల విలువ కట్టిన ఇంటికి 0.15 శాతం అయితే ఏడాదికి 3,000 రూపాయలు. అదే ఇంట్లో కొంత భాగం "నివాసేతరం" అని పడితే ఆ భాగానికి రేటు వేరే. కాబట్టి నోటీసులో మొదట చూడాల్సింది మొత్తం కాదు, వినియోగం అనే గడి. స్థలాల విలువ పెరిగినా, పాత పన్ను మీద ఏడాదికి 15 శాతానికి మించి పెంచకూడదన్న పరిమితి కూడా ఉంది. ఇల్లు మార్చలేదు, గది కట్టలేదు, అయినా పోయినేడాది కంటే పన్ను 15 శాతానికి పైగా పెరిగిందంటే ఊరుకోకుండా అడగాలి. 375 చదరపు అడుగుల లోపు సొంత ఇంట్లో ఉండేవాళ్లకి ఏడాదికి 50 రూపాయలే అన్న సంగతి కూడా చిన్న ఇళ్లవాళ్లు చాలామందికి తెలియదు.

హైదరాబాద్ లెక్క

జీహెచ్‌ఎంసీలో ఇంకా అద్దె విలువే ఆధారం. అయితే అది మీరు తీసుకునే అద్దె కాదు, ఆ ప్రాంతానికి చదరపు అడుగుకి ఇంత అని ఎప్పుడో ఖరారు చేసిన రేటు. వెయ్యి అడుగుల ఫ్లాటు, అడుగుకి రూపాయిన్నర అనుకుందాం. నెలకి 1,500, ఏడాదికి 18,000. (వెయ్యి అడుగుల ఫ్లాటు 1,500కి అద్దెకిచ్చే పుణ్యాత్ముడు ఎక్కడైనా ఉంటే నాకు చెప్పండి, రేపే దిగిపోతాను.) అందులో తరుగుదల 10 శాతం తీసేస్తే 16,200. దాని మీద 30 శాతం అంటే 4,860. దానికి గ్రంథాలయ సెస్సు, రూపాయికి 8 పైసల చొప్పున 389 కలిపితే 5,249. నివాసాలకి 17 శాతం నుంచి మొదలయ్యే శ్లాబులు ఉన్నాయి. కానీ నెలకి 300 రూపాయల అద్దె విలువ దాటితే 30 శాతమే కాబట్టి ఇవాళ ఫ్లాటు ఉన్నవాళ్లు దాదాపు అందరూ ఆ శ్లాబులోనే ఉంటారు.

ఈ లెక్క మీకు బట్టీ రావక్కర్లేదు. ఇందులో ముఖ్యంగా చూడాల్సినవి రెండు: విస్తీర్ణం, అడుగుకి రేటు. విస్తీర్ణం దగ్గరే గోల. బిల్డరు బ్రోచరులో సూపర్ బిల్టప్ (మెట్లు, వరండాల్లాంటి ఉమ్మడి స్థలం వాటా కూడా కలిపిన కొలత) ఒకటి, సేల్ డీడ్‌లో ఇంకొకటి, నోటీసులో మూడోది. మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. పక్క ఫ్లాటు మీదాని లాంటిదే అయితే వాళ్ల నోటీసు కూడా అడిగి చూడండి. మొహమాటపడకండి, వాళ్లకీ మీది చూడాలనే ఉంటుంది.

లెక్క తప్పనిపిస్తే కట్టడం మానేయడం మందు కాదు. అభ్యంతరం కాగితం మీద రాసి, డీడ్ జిరాక్సు జతచేసి ఇచ్చి, తీసుకున్నట్టు స్టాంపు వేయించుకోండి. కొత్తగా పన్ను వేసినప్పుడో, పెంచినప్పుడో వచ్చే స్పెషల్ నోటీసుకి గడువు ఉంటుంది. అది దాటాక ఎంత న్యాయం ఉన్నా వినేవాళ్లు తక్కువ. ఆ కవరు గ్యాస్ బిల్లులతో కలిపి మేకుకి గుచ్చేయకండి.

మనమే తక్కువ చేసి రాసుకుందాం అనే తెలివి ఇంకా ప్రమాదం. తెలంగాణ మున్సిపాలిటీల్లో 2019 చట్టం ప్రకారం ఇంటి కొలతలు యజమానే స్వయంగా ప్రకటించుకోవచ్చు. నమ్ముతారు, నిజమే. అబద్ధమని తేలితే మాత్రం జరిమానా 25 రెట్లు. పై అంతస్తు దాచి నాలుగు వేలు మిగుల్చుకోవడానికి ఇంత టెన్షన్ ఎందుకో నాకు అర్థం కాదు.

రెండు రూపాయల వడ్డీ

పన్ను ఆరు నెలలకోసారి లెక్కకొస్తుంది: ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఒకటి, అక్టోబరు నుంచి మార్చి ఒకటి. "మార్చి 31 లోపు కడితే చాలు, వడ్డీ ఉండదు" అనేది చాలామంది భ్రమ. మొదటి అర్ధ సంవత్సరం గడువు దాటినప్పటి నుంచే నెలకి 2 శాతం పడుతుంది. మన భాషలో చెప్పాలంటే నూటికి రెండు రూపాయల వడ్డీ, ఏడాదికి 24 శాతం. ఏడాదికి 5,000 పన్ను ఉన్న ఇంటికి మూడేళ్లు కట్టలేదనుకోండి. అసలు 15,000, వడ్డీ సుమారు 5,000.

దీనికి తిరకాసు ఏమిటంటే, అప్పుడప్పుడు ప్రభుత్వమే వడ్డీ మాఫీ ప్రకటిస్తుంది. 2025 మార్చిలో జీహెచ్‌ఎంసీలో బకాయిల వడ్డీలో 90 శాతం, ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 50 శాతం వదిలేశారు. టైముకి కట్టినవాడికి 5 శాతం రాయితీ, ఎగ్గొట్టినవాడికి వడ్డీలో 90 శాతం మాఫీ! ఇది నాకు మింగుడుపడదు. అయినా దాన్ని నమ్ముకుని ఆగకండి. ఏ ఏడాది ఇస్తారో, ఇవ్వరో ఎవరూ చెప్పలేరు.

ఆ 5 శాతం సంగతి. రెండు రాష్ట్రాల్లోనూ ఏప్రిల్ 30 లోపు ఏడాది పన్ను మొత్తం ఒకేసారి కడితే ఆ ఏడాది పన్ను మీద వస్తుంది, పాత బకాయిల మీద రాదు. 5,249కి 262 రూపాయలు, ఒక బిర్యానీ ఖర్చు. కానీ ఏప్రిల్ 30 రాత్రి పదకొండింటికి కూర్చోకండి. ఒకసారి నేను అదే పని చేశాను. పేమెంట్ యాప్‌లో డబ్బు కట్ అయింది, రసీదు రాలేదు, గుండ్రం తిరుగుతూనే ఉంది. కంగారులో ఇంకోసారి కట్టాను. తెల్లారి చూస్తే రెండూ జమ. అదనంగా వెళ్లింది తిరిగి రావడానికి అర్జీలు, ఫోన్లు, మూడు నెలలు. డబ్బు కట్ అయి రసీదు రాకపోతే లావాదేవీ నంబరు రాసుకుని మర్నాటిదాకా ఆగండి. ఏప్రిల్ మొదటి రెండు వారాల్లో కడితే ఈ బాధే లేదు.

నంబరు కొట్టాక తెరమీద యజమాని పేరు, డోర్ నంబరు కనిపిస్తాయి. మనం కొట్టే ఆ పన్ను నంబర్ని హైదరాబాద్‌లో పీటీఐఎన్ అంటారు, ఆంధ్రాలో అసెస్‌మెంట్ నంబరు. ఒక్క అంకె తప్పితే మీ డబ్బుతో ఎవరి పన్నో తీరుతుంది. పేరు చదివాకే ముందుకి నొక్కండి. "మీ ప్రాపర్టీ ట్యాక్స్ పెండింగ్, ఈ ఫైల్ ఓపెన్ చేయండి" అంటూ వాట్సాప్‌లో ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్ ఎక్కించేది) వస్తే ముట్టుకోవద్దు. పొరపాటున డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయాలి. ఇంటికొచ్చినవాళ్లకి నగదు ఇస్తే మిషన్ రసీదు చేతికొచ్చేదాకా గేటు దగ్గరే ఉండండి.

కొనేవాళ్లకి, పేరు మారనివాళ్లకి

పాత ఫ్లాటు కొనేవాళ్లు ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించి, లాయరుకి చూపించి, అంతా క్లియర్ అనుకుంటారు. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి, పన్ను బకాయిలు కనిపించవు. ఆస్తి పన్ను ఆస్తి మీదే మొదటి భారం, యజమాని మారినా బకాయి ఇంటిని వదలదు. అడ్వాన్సు ఇచ్చే ముందే నంబరు అడిగి ఆన్‌లైన్‌లో బకాయి చూడండి. "రిజిస్ట్రేషన్ రోజు చూసుకుందాం అండీ" అని అమ్మేవాళ్లు అంటే, ఆ మొత్తం తగ్గించి ఇస్తానని చెప్పండి.

పన్ను రసీదు మన పేరు మీద ఉంటే ఇల్లు మనదే అన్న ధైర్యం కూడా పనికిరాదు. అది పన్ను కట్టారనడానికి రుజువు, హక్కుకి కాదు. అనుమతి లేని అంతస్తుకి జరిమానాతో కలిపి పన్ను కట్టించుకున్నా ఆ అంతస్తు సక్రమమైపోదు. నాన్న పోయాక కూడా మా ఇంటి పన్ను ఆయన పేరు మీదే ఆరేళ్లు నడిచింది. కట్టడానికి అడ్డేం లేదు, అందుకే ఎవరం పట్టించుకోలేదు. అన్నదమ్ములు అమెరికాలోనో, బెంగళూరులోనో ఉంటే సంతకాలకి అందరూ కలిసేది ఏ పెళ్లికో. ఆ రెండ్రోజుల్లోనే వారసత్వ ధ్రువపత్రం, పేరు మార్పు అర్జీ పని కూడా పెట్టుకోండి.

అద్దెకిచ్చిన ఇల్లయితే యజమాని తన చేత్తో కట్టిన పన్నుని, కట్టిన ఏడాదే, ఆదాయ పన్ను లెక్కలో అద్దెలోంచి తీసేసుకోవచ్చు. అద్దెకున్నవాళ్లతో కట్టిస్తే కుదరదు.

ఈ మార్చిలో అమ్మ ఇంటి షాపు గదికి అర్జీ ఇచ్చాం. వచ్చి చూశారు, బియ్యం బస్తా చూసి నవ్వారు, రాసుకెళ్లారు. కొత్త నోటీసులో ఆ గది నివాసంలోకి వచ్చింది. పన్ను కట్టిన వారానికి మళ్లీ సైటు తెరిచి బకాయి సున్నా చూపిస్తోందా లేదా చూశాను. రసీదు పీడీఎఫ్‌కి ఇంటి నంబరు, ఏడాది పేరుగా పెట్టి మా ఫ్యామిలీ గ్రూపులో పడేశాను. అమ్మ మాత్రం ప్రింటు తీయించి నాన్న సైకిలున్న గదిలో బీరువాలో పెట్టింది.