తాడు కట్టే ముందు జాగ్రత్తలు

పడకగదిలో ఒకరిని ఒకరు తాడుతో కట్టే శృంగార ఆట (బాండేజ్) గురించి ఇది. ఇద్దరూ మేజర్లు, ఇద్దరికీ ఇష్టమే. అయినా తాడు పట్టుకునే ముందు ఇవి చూసుకోండి.

- ఏది సరే, ఏది వద్దు అన్నది ముందే తీరిగ్గా మాట్లాడుకోండి. మొహమాటానికి అన్న "సరే" ఒప్పుకోలు కాదు.
- కట్టించుకున్నవాళ్లు "రెడ్" అంటే వెంటనే ఆపాలి, "ఎల్లో" అంటే నెమ్మదించాలి. నోటికి గుడ్డ కడితే చేతికి తాళాల గుత్తి ఇవ్వండి. అది కింద పడిందంటే ఆపేయమని.
- మందు తాగారా? ఆ రోజుకి వద్దు.
- మెడకు తాడు వద్దే వద్దు.
- మణికట్టు దగ్గర తాడు కింద రెండు వేళ్లు దూరాలి. మోచేతికి పైన, బయటివైపు నరం ఎముకను ఆనుకుని పోతుంది. అక్కడ బిగిస్తే మణికట్టు వాలిపోయి వారాల తరబడి లేవకపోవచ్చు. బొటనవేలు తిమ్మిరెక్కిందంటే చాలు, విప్పేయండి. ముడి రాకపోతే మొన మొద్దుగా ఉన్న కత్తెరతో కత్తిరించేయండి. తాడు మళ్లీ కొనుక్కోవచ్చు. కత్తెర చేతికందేలా ఉండాలి.
- కట్టాక ఒంటరిగా వదలకండి, నీళ్లు తేవడానికైనా సరే.