ప్రొడక్ట్ మేనేజ్‌మెంట్ మాటలు ఆఫీసులో ఎలా వాడాలి? రొయ్యల చెరువు యాప్‌తో నేర్చుకుందాం

కావలిలోనో ఒంగోలులోనో ఇంజినీరింగ్ చదివి హైదరాబాద్, బెంగళూరు కంపెనీల్లో చేరిన మన పిల్లలు మొదటి నెలల్లో ఎక్కువగా తడబడేది మీటింగుల్లో వినపడే మాటల దగ్గరే. బ్యాక్‌లాగ్, ఎంవీపీ, చర్న్, రోడ్‌మ్యాప్... ఏ మాటకైనా అర్థం నెట్‌లో దొరుకుతుంది, చదివితే తెలిసినట్టే ఉంటుంది, తీరా మర్నాడు మేనేజర్ "ఇది ఎంవీపీలో ఉండాలంటారా?" అని అడిగేసరికి నోరు పెగలదు. ఈ మాటలన్నీ ఏదో ఒక నిర్ణయం తీసుకోవడానికి వాడేవి. ఏ మాట విన్నా "దీంతో ఏ నిర్ణయం తేలుతుంది?" అని అడగడం అలవాటైతే టెన్షన్ సగం తగ్గిపోతుంది.

దానికి నేను చెప్పే పద్ధతి ఇది: మీకు బాగా తెలిసిన వ్యాపారం ఒకటి తీసుకుని, అన్ని మాటలనూ దాని మీదే వాడి చూడండి. ఇక్కడ నేను నెల్లూరు జిల్లాలో ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు రొయ్యల రైతులకు రోజూ సాయంత్రం కౌంట్ రేట్లు, అంటే రొయ్య సైజును బట్టి కిలో రేట్లు, చెప్పే యాప్ ఒకటి తయారు చేస్తున్నాం అనుకుంటాను. మీకు పొదలకూరు నిమ్మకాయల మార్కెట్ తెలిస్తే అది పెట్టుకోండి, చీమకుర్తి గ్రానైట్ తెలిస్తే అది.

1. ముందు మనుషులను విడదీయండి

వాడేవాడు యూజర్, డబ్బు కట్టేవాడు కస్టమర్. చాలాచోట్ల ఇద్దరూ ఒకరే కాబట్టి తేడా పట్టించుకోం. మన యాప్‌లో మాత్రం రేట్లు చూసుకునే రైతు పైసా కట్టడు, ఏ ఊళ్లో ఎప్పుడు పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టి అమ్మడం) ఉందో తెలుసుకోవాలనుకునే కొనుగోలు కంపెనీ కడుతుంది. రైతుకు ఎక్కువ రేటు కావాలి, కంపెనీకి తక్కువ రేటుకు సరుకు కావాలి. యూజర్‌కి మేలు చేసే ఫీచర్ కస్టమర్‌కి నచ్చకపోవచ్చు అనే సంగతి ఇక్కడే బయటపడుతుంది, అందుకే మీటింగ్‌లో ఎవరైనా "కస్టమర్ అడుగుతున్నాడు" అంటే "ఏ కస్టమర్, వాడేవారా కట్టేవారా?" అని మొహమాటం లేకుండా అడగండి. ఇక ఈ పనితో లాభనష్టాలు ముడిపడి ఉన్న వాళ్లందరూ స్టేక్‌హోల్డర్లు: మేత డీలరు, మన సేల్స్ టీమ్, లీగల్ టీమ్, అందరూ.

2. సమస్యను రైతు నోట వినండి

దీన్ని డిస్కవరీ అంటారు. ఏం తయారు చేయాలో నిర్ణయించే ముందు అసలు తయారు చేయాల్సిన అవసరం ఉందా అని తేల్చుకునే దశ. కొత్తవాళ్లు చెరువు గట్టు మీదకు వెళ్లి "అన్నా, రేట్లు చెప్పే యాప్ ఉంటే వాడతావా?" అని అడుగుతారు. ఆయన మర్యాదకు "ఎందుకు వాడనబ్బయా, వాడతా" అంటాడు. ఆ జవాబుతో ఒరిగేదేం లేదు. "పోయిన పట్టుబడికి రేటు ఎట్లా తెలుసుకున్నావన్నా? ఎవరికి ఫోన్ చేశావు? చివరికి ఎంతకు ఇచ్చావు?" అని జరిగిపోయిన దాని గురించి అడగండి. అప్పుడు వస్తుంది అసలు విషయం: రేటు చెప్పేవాడూ కొనేవాడూ ఒకడే కావడం, తూకం వేశాక కౌంట్ దగ్గర పేచీ రావడం. అవి పెయిన్ పాయింట్లు.

తెలియని వారి కోసం, కౌంట్ అంటే కిలోకి తూగే రొయ్యల సంఖ్య. 30 కౌంట్ పెద్ద రొయ్య, 100 కౌంట్ చిన్న రొయ్య, కౌంట్ తగ్గేకొద్దీ కిలో రేటు పెరుగుతుంది.

3. యూజర్ స్టోరీ రాయండి, దాని కింద షరతులు రాయండి

యూజర్ స్టోరీకి మూడు ముక్కలు ఉంటాయి: ఎవరు, ఏం కావాలి, ఎందుకు. "రొయ్యల రైతుగా నాకు ఈరోజు కౌంట్‌వారీ రేట్లు సాయంత్రంలోగా తెలియాలి, రేపు పట్టుబడి పెట్టాలా ఇంకో వారం ఆగాలా అన్నది తేల్చుకోవడానికి." ఆ "ఎందుకు" అన్న ముక్కను చాలామంది వదిలేస్తారు. వదిలేస్తే డెవలపర్ అందమైన రేట్ల పట్టిక ఇస్తాడు తప్ప నిన్నటి రేటుతో, పోయిన వారం రేటుతో పోల్చి చూపించడు. ఆగాలా వద్దా అన్న నిర్ణయానికి కావాల్సింది ఆ పోలికే.

పని పూర్తయిందని ఎలా తెలుస్తుంది? దానికే యాక్సెప్టెన్స్ క్రైటీరియా. ఇక్కడ బద్ధకించకండి. "రేట్లు త్వరగా కనపడాలి" అని రాస్తే అది షరతు కాదు, కోరిక. ఇలా రాయండి: 30 నుంచి 100 కౌంట్ వరకు రేట్లు తెలుగులో ఉండాలి, రోజూ సాయంత్రం 6 లోపు కొత్త రేటు రావాలి, సిగ్నల్ లేకపోతే చివరిసారి వచ్చిన రేటు, అది ఏ రోజు ఏ గంటకు వచ్చిందో దానితో పాటు కనపడాలి. ఈ మూడోది చెరువుల దగ్గర నిలబడి ఫోన్ చూసినవాళ్లకే తడుతుంది. తేదీ లేకుండా పాత రేటు చూపిస్తే రైతు దాన్ని నమ్మి బేరం మాట్లాడతాడు, నష్టపోయేది ఆయనే.

4. బ్యాక్‌లాగ్‌ను వరసలో పెట్టండి

చేయాల్సిన, చేయాలనుకుంటున్న పనుల జాబితా బ్యాక్‌లాగ్. అది ఎప్పటికీ ఖాళీ కాదు, ఖాళీ చేయడం మన లక్ష్యమూ కాదు. పైన ఏముంది అన్నదే ముఖ్యం. పైకి ఏది ఎక్కాలో తేల్చడానికి రైస్ అనే లెక్క బాగా వాడుకలో ఉంది: రీచ్‌ను (ఎంతమందికి అందుతుంది) ఇంపాక్ట్‌తో (ఎంత ప్రభావం), కాన్ఫిడెన్స్‌తో (మన అంచనా మీద మనకున్న నమ్మకం) గుణించి ఎఫర్ట్‌తో (పట్టే పని) భాగించడం. ఊహకు రెండు ఫీచర్లు తీసుకుందాం. రేట్ల ఫీచర్ మూడు నెలల్లో 800 మందికి పనికొస్తుంది, ప్రభావం 2, మన నమ్మకం 80 శాతం, పని ఇద్దరు నెల చేసినంత: 800 × 2 × 0.8 ÷ 2 = 640. చెరువు డైరీ, అంటే మేత, ఆక్సిజన్, చెక్ ట్రే (రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూసే పళ్లెం) వివరాలు రాసుకునే ఫీచర్ 300 మందికి, ప్రభావం 3, నమ్మకం 50 శాతం, పని ముగ్గురు నెల చేసినంత: 300 × 3 × 0.5 ÷ 3 = 150. రేట్లే ముందు.

ఈ లెక్కలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది కాన్ఫిడెన్స్. డైరీకి 50 ఎందుకు ఇచ్చాం? రైతులతో మాట్లాడలేదు కాబట్టి. అంటే తర్వాత చేయాల్సిన పని కోడింగ్ కాదు, నాలుగు చెరువులు తిరగడం. స్కోరును తుది తీర్పులా చూపించే వాళ్లను నమ్మకండి, లోపలి అంకెలు మనం వేసుకున్నవే.

5. ఎంవీపీ అంటే సగం కట్టిన యాప్ కాదు

ఎక్కువ గొడవ జరిగేది ఈ మాట మీదే. మినిమమ్ వయబుల్ ప్రొడక్ట్ అనే పేరు 2001లో ఫ్రాంక్ రాబిన్సన్ పెట్టింది, తర్వాత 'ది లీన్ స్టార్టప్' పుస్తకం రాసిన ఎరిక్ రీస్ వల్ల అందరి నోళ్లలో పడింది. దాని పని ఒక్కటే: మన ఊహల్లో ఏది తప్పైతే మొత్తం కూలిపోతుందో ఆ ఊహను తక్కువ ఖర్చుతో పరీక్షించడం. మన ఊహ ఏంటి? "బయటివాళ్లు చెప్పే రేటును రైతు నమ్మి బేరంలో వాడతాడు" అన్నది. దాన్ని పరీక్షించడానికి యాప్ ఎందుకు? ఒక మండలంలో కొంతమంది రైతులతో వాట్సాప్ గ్రూప్ పెట్టి, రోజూ సాయంత్రం వాయిస్ మెసేజ్‌లో రేట్లు చెప్పండి. ఒకరోజు కావాలనే ఆలస్యం చేయండి. "ఏందబ్బయా, ఇంకా రేట్లు రాలా?" అని ఫోన్లు వస్తే మీకు జవాబు దొరికినట్టే.

కాబట్టి మేనేజర్ "ఇది ఎంవీపీలో ఉండాలంటారా?" అన్నప్పుడు "ఇది లేకపోతే మన ఊహ నిజమో కాదో తేలదా?" అని ఆలోచించి చెప్పండి. లాగిన్ పేజీ, డార్క్ మోడ్ లాంటివి దాదాపు ఎప్పుడూ అక్కర్లేదు.

6. రోడ్‌మ్యాప్, స్ప్రింట్, స్కోప్ క్రీప్

వీటిని త్వరగా చెప్పేస్తాను. రోడ్‌మ్యాప్ రాబోయే కొన్ని నెలల్లో ఏ దిక్కుకు వెళ్తున్నామో చెప్పేది, తేదీల హామీపత్రం కాదు. స్ప్రింట్ అంటే టీమ్ ఒక లక్ష్యం పెట్టుకుని పనిచేసే చిన్న కాలం. స్క్రమ్ అనే టీమ్ పని పద్ధతి నియమాల ప్రకారం నెలకు మించకూడదు, చాలా టీములు రెండు వారాలు పెట్టుకుంటాయి. మధ్యలో "ఎలాగూ చేస్తున్నారుగా, మేత రేట్లు కూడా పెట్టేయండి" అని వచ్చి చేరేది స్కోప్ క్రీప్. దానికి కాదు అని మొహాన చెప్పక్కర్లేదు. "పెడదాం సార్, దాని బదులు ఈ స్ప్రింట్‌లో ఏది తీసేద్దాం?" అంటే చాలు, ట్రేడాఫ్, అంటే ఒకటి కావాలంటే ఇంకోటి వదులుకోవాలన్న సంగతి, వాళ్లకే కనపడుతుంది.

7. మెట్రిక్స్‌ను వ్యాపారంతో సరిచూడండి

డీఏయూ అంటే రోజుకు వాడే యూజర్లు, ఎంఏయూ అంటే నెలకు వాడేవాళ్లు, రిటెన్షన్ అంటే తిరిగి వచ్చేవాళ్లు, చర్న్ అంటే వదిలేసి వెళ్లినవాళ్లు. నిర్వచనాలు ఇంతే. చిక్కు వాడకంలో వస్తుంది.

వనామి రకం రొయ్య పంట సుమారు మూడు నాలుగు నెలలు. పట్టుబడి అయిపోయాక రైతు నీళ్లు తీసేసి చెరువు ఎండబెడతాడు, కొత్త సీడ్ (రొయ్య పిల్లలు) వేసి రొయ్య ఎదిగే వరకు రేటుతో ఆయనకు పెద్దగా పని లేదు. మన డాష్‌బోర్డులో మాత్రం "30 రోజులుగా తెరవలేదు, చర్న్" అని ఎర్రగా కనపడుతుంది. అది చూసి కంగారుపడి రోజుకు మూడు నోటిఫికేషన్లు పంపితే, అప్పటిదాకా ఇష్టంగా ఉన్న మనిషి విసుగొచ్చి యాప్ తీసేస్తాడు. ఇక్కడ రిటెన్షన్‌ను నెలల్లో కొలవకూడదు, పంటల్లో కొలవాలి: ఈ పంటకు వాడిన రైతు వచ్చే పంటకు మళ్లీ వచ్చాడా? చర్న్ అన్న మాట ఎవరు వాడినా, "ఎంత కాలం రాకపోతే వెళ్లిపోయినట్టు లెక్క?" అని అడగండి.

అన్నిటికీ పైన పెట్టుకునే ఒక్క కొలమానం నార్త్ స్టార్ మెట్రిక్. డౌన్‌లోడ్ల సంఖ్య పెట్టుకోవడం తేలిక, గొప్పగా కనపడుతుంది, అందుకే దాన్ని వ్యానిటీ మెట్రిక్ అంటారు. మనకైతే "మన రేటు చూసి బేరమాడిన పట్టుబడులు" అన్నది దగ్గరగా ఉంటుంది. కొలవడం కష్టమే, పట్టుబడి అయ్యాక ఫోన్ చేసి అడగాల్సి వస్తుంది, అయినా అదే పెట్టుకోండి.

8. ఇక నోరు తిప్పండి

రోజూ పంపే అప్‌డేట్‌తో మొదలుపెట్టండి. "పని జరుగుతోంది" అని రాయడం మానేయండి. ఇలా రాయండి: "రేట్ల ఫీచర్ టెస్టింగ్‌లో ఉంది. బ్లాకర్ ఒకటి: సిగ్నల్ లేనప్పుడు పాత రేటుకు తేదీ రావడం లేదు. బ్యాకెండ్ టీమ్ మీద డిపెండెన్సీ ఉంది, వాళ్లు గురువారం ఈటీఏ ఇచ్చారు. గురువారం దాటితే రెండు దారులు: రిలీజ్ సోమవారానికి జరపడం, లేదా సిగ్నల్ లేనప్పుడు రేటు చూపించకుండా రిలీజ్ చేయడం. నేను రెండోదానికి మొగ్గుతున్నాను, తేదీ లేని రేటు కన్నా రేటు లేకపోవడమే రైతుకు మేలు. బుధవారం సాయంత్రంలోగా మీ అభిప్రాయం చెప్పండి." బ్లాకర్ (పనిని ఆపుతున్నది), డిపెండెన్సీ (ఇంకొకరి పని మీద ఆధారపడటం), ఈటీఏ (ఎప్పటికి అవుతుందన్న అంచనా), రిలీజ్ (యూజర్లకు విడుదల చేయడం), నాలుగు మాటలూ అందులో ఉన్నాయి, ప్రతి దానికీ పని ఉంది. పంపే ముందు ఒకసారి చదివి, ఏ మాట తీసేసినా అర్థం మారకపోతే ఆ మాట తీసేయండి.