క్లయింట్ సర్టిఫికెట్ ఇచ్చినా ‘రిలే యాక్సెస్ డినైడ్’ వస్తోందా?

సమస్య: మీ పైథాన్ కోడ్ తానెవరో చెప్పే క్లయింట్ సర్టిఫికెట్‌తో పోస్ట్‌ఫిక్స్ మెయిల్ సర్వర్‌కి కనెక్ట్ అవుతుంది, స్టార్ట్‌టీఎల్ఎస్ (కనెక్షన్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే ఆదేశం) సాఫీగా అయిపోతుంది. సర్వర్ సొంత డొమైన్‌కి మెయిల్ వెళ్తుంది. బయటి అడ్రస్‌కి పంపితే మాత్రం 554 5.7.1, రిలే యాక్సెస్ డినైడ్, అంటే మీ మెయిల్‌ని బయటికి పంపనని సర్వర్ అంటోంది.

కోడ్ ముట్టుకునే ముందు సర్వర్‌లో మెయిల్ లాగ్ తెరవండి. దయచేసి ఇది దాటెయ్యకండి. నన్ను అడిగేవాళ్లలో చాలామంది కోడ్ మూడుసార్లు తిరగరాశాక గానీ లాగ్ చూడరు. టీఎల్ఎస్ లాగ్ లెవెల్ 1 పెడితే చాలు, ప్రతి కనెక్షన్ ఎలాంటిదో ఒక్క మాటలో రాసి ఉంటుంది.

‘అనానిమస్’ అని ఉంటే సర్టిఫికెట్ అసలు చేరలేదు. పోస్ట్‌ఫిక్స్ దానంతటది అడగదు, ఎస్ఎంటీపీడీ_టీఎల్ఎస్_ఆస్క్_సీసర్ట్ ‘యెస్’ చెయ్యాలి. అది సరిగ్గానే ఉంటే, లోడ్_సర్ట్_చెయిన్‌తో సర్టిఫికెట్, కీ ఎక్కించిన ఎస్ఎస్ఎల్ కాంటెక్స్ట్‌నే స్టార్ట్‌టీఎల్ఎస్‌కి ఇచ్చారా చూడండి. పాత కీఫైల్, సర్ట్‌ఫైల్ ఆర్గ్యుమెంట్లను పైథాన్ 3.12లో తీసేశారు.

‘అన్‌ట్రస్టెడ్’ అని ఉంటే తొందరపడకండి. ఆ మాట నమ్మి సీఏ (సర్టిఫికెట్ జారీ చేసే సంస్థ) ఫైళ్లు మారుస్తూ నేను ఒక రాత్రంతా పోగొట్టుకున్నాను. రిలేకి అనుమతిచ్చే పర్మిట్_టీఎల్ఎస్_క్లయింట్‌సర్ట్స్ సెట్టింగ్‌కి సీఏతో పని లేదు. రిలే_క్లయింట్‌సర్ట్స్ టేబుల్‌లో మీ సర్టిఫికెట్ ఫింగర్‌ప్రింట్ (దాన్నుంచి లెక్కగట్టిన గుర్తు) ఉందా లేదా, అంతే చూస్తుంది. సీఏని చూసేది పర్మిట్_టీఎల్ఎస్_ఆల్_క్లయింట్‌సర్ట్స్. మీ కాన్ఫిగ్‌లో ఏది ఉందో ముందు తేల్చుకోండి.

ఫింగర్‌ప్రింట్ చూసేదైతే, సర్టిఫికెట్ రెన్యూ చేసిన రోజే ఫింగర్‌ప్రింట్ మారిపోతుంది. టేబుల్‌లో పాతదే ఉంటుంది. నిన్నటిదాకా నడిచిన కోడ్ ఇవాళ ఆగిపోతే ముందు అనుమానించాల్సింది దీన్నే. రెన్యూ చెయ్యకపోయినా ఇంకో దారిలో దెబ్బ తగులుతుంది: పోస్ట్‌ఫిక్స్ కంపాటిబిలిటీ లెవెల్‌ని 3.6కి పెంచితే డిఫాల్ట్ డైజెస్ట్ (ఫింగర్‌ప్రింట్ లెక్కగట్టే పద్ధతి) ఎండీ5 నుంచి షా256 అవుతుంది. అప్పుడు టేబుల్‌లోని పాత ఎండీ5 వరుసల్లో ఒక్కటీ కలవదు.

పరిష్కారం: ఓపెన్ఎస్ఎస్ఎల్‌తో షా256 ఫింగర్‌ప్రింట్ తీసి, కోలన్లతో సహా టేబుల్‌లో పెట్టి, దాన్ని పోస్ట్‌ఫిక్స్ చదివే రూపంలోకి మార్చే పోస్ట్‌మ్యాప్ నడపండి. ఫింగర్‌ప్రింట్ డైజెస్ట్ సెట్టింగ్‌లో కూడా షా256 అని రాసిపెట్టండి, డిఫాల్ట్‌కి వదలొద్దు. అంతకన్నా మేలైన పని, టేబుల్‌లో పబ్లిక్ కీ ఫింగర్‌ప్రింట్ పెట్టడం. పోస్ట్‌ఫిక్స్ 2.9 నుంచి అదీ చెల్లుతుంది. పాత కీతోనే రెన్యూ చేసినంత కాలం టేబుల్ మార్చక్కర్లేదు.

కీ, సర్టిఫికెట్ జత కాకపోతే లోడ్ చేసేటప్పుడే పైథాన్ ఎర్రర్ ఇస్తుంది. స్టార్ట్‌టీఎల్ఎస్ అయ్యాక ఈహెచ్ఎల్ఓ (క్లయింట్ పలకరింపు) దగ్గర కనెక్షన్ తెగితే, క్లయింట్ సర్టిఫికెట్‌ని సర్వర్ తప్పనిసరి చేసి మీది కాదంటోందేమో చూడండి. టీఎల్ఎస్ 1.3లో ఆ తిరస్కారం క్లయింట్‌కి ఆలస్యంగానే తెలుస్తుంది.