క్లయింట్‌కు పీపీటీ పంపే ముందు

☐ స్లయిడ్ సైజు పని మొదలుపెట్టకముందే అడిగి ఖాయం చేసుకోండి. వైడ్‌స్క్రీన్ అంటే 13.333 × 7.5 అంగుళాలు, పాత ప్రొజెక్టర్లకైతే 10 × 7.5. సగం పనయ్యాక మారిస్తే బొమ్మలు, బాక్సులు చెదిరిపోతాయి. ఒక్కోటీ మళ్లీ సర్దుకోవాల్సిందే.

☐ అసలు ప్రమాదం చార్టులతో. ఎక్సెల్ చార్టును ఎంబెడ్ చేస్తే, అంటే ఫైల్లోనే పొదిగితే, తెరమీద కనిపించేది చార్టే, కానీ వెనక వర్క్‌బుక్ మొత్తం ఫైల్లోకి వచ్చేస్తుంది. అందులో జీతాల షీటుంటే ‘ఎడిట్ డేటా’ నొక్కిన ఎవరైనా చూసేయొచ్చు. పోనీ లింక్ చేద్దామంటే, మూల ఫైలు మీ కంప్యూటర్లో ఉండిపోతుంది, క్లయింట్ దగ్గర అంకెలు మార్చలేరు. చార్టుకు కావలసిన అంకెలే ఉన్న చిన్న వర్క్‌బుక్ విడిగా చేసి, దాన్నే ఎంబెడ్ చేయండి.

☐ క్రాప్ చేసిన ఫొటోలో కత్తిరించిన ముక్క కూడా ఫైల్లోనే ఉంటుంది. ‘కంప్రెస్ పిక్చర్స్’లో దాన్ని తొలగించే ఆప్షన్‌కు టిక్ పెట్టండి. తెరకు 150 పీపీఐ (అంగుళానికి పిక్సెళ్లు) చాలు.

☐ స్పీకర్ నోట్స్, కామెంట్లు, దాచిన స్లయిడ్లు చూసుకోండి. ఇలా దాగినవాటిని వెతికి తీసేసే డాక్యుమెంట్ ఇన్‌స్పెక్టర్‌ను కాపీ మీదే నడపండి, తీసేసినవి మళ్లీ రాకపోవచ్చు.

☐ ఫాంట్లు: సేవ్ ఆప్షన్లలో ఎంబెడ్ చేయండి. లైసెన్స్ ఒప్పుకోని ఫాంట్లు మాత్రం ఎంబెడ్ కావు. తెలుగు స్లయిడ్లకు యూనికోడ్ తప్పనిసరి. యూనికోడ్ కాని అను ఫాంట్లలో కొట్టిన వాక్యం, అవి లేని కంప్యూటర్లో పిచ్చి గుర్తులే.

☐ పీడీఎఫ్ కూడా జతచేయండి. యానిమేషన్లు అందులో పనిచేయవు, ఒకదానిమీద ఒకటి పేర్చిన బొమ్మలన్నీ కలిసిపోయి కనిపిస్తాయి. అలాంటి స్లయిడ్లను పీడీఎఫ్ కోసం విడగొట్టండి.